పై వరుస ఎరుపు

మా అపార్ట్‌మెంట్‌లో 42 ఫ్లాట్లు. నిరుడు కోశాధికారి పదవి నా నెత్తిన పడింది. నాకు ముందున్న పెద్దాయన పొడుగాటి రిజిస్టరులో లెక్క రాసేవారు. మెయింటెనెన్స్ కట్టనివాళ్ల పేరు కింద ఎర్ర పెన్నుతో గీత. మర్నాడే కట్టేసినా ఆ గీత పోయేది కాదు. వైట్‌నర్ పూస్తే అదో అనుమానం.

నేను లెక్కని ఎక్సెల్‌లోకి మార్చాను కానీ, అలవాటు మార్చుకోలేదు. బకెట్ బొమ్మ నొక్కడం, ఎరుపు పొయ్యడం, డబ్బు పడ్డాక అది తియ్యడం మర్చిపోయి మాట పడటం. సెలవులకొచ్చిన మేనకోడలు చూసి నవ్వింది. "రంగు నువ్వెందుకు వేస్తున్నావు మామయ్యా? ఎప్పుడు వెయ్యాలో దానికి చెప్పు, అదే వేస్తుంది, అదే తీస్తుంది."

కండిషనల్ ఫార్మాటింగ్. ఎక్సెల్ 97 నుంచీ ఉన్నదే. మొదట్లో ఒక గడికి మూడు షరతులే పెట్టనిచ్చేవాళ్లు. 2007 వెర్షన్‌లో ఆ పరిమితి ఎత్తేసి, రంగుల పట్టీలు, బాణాలు, ట్రాఫిక్ లైట్లు కూడా ఇచ్చారు. అవన్నీ పెట్టేశాను. షీటు పెళ్లింటి సీరియల్ సెట్టులా వెలిగింది, ఎవరు బాకీయో మాత్రం కనపడలేదు. అన్నీ పీకేసి ఎరుపొక్కటే ఉంచాను.

అసలు చదువు ఆ ఒక్క ఎరుపు దగ్గరే మొదలైంది. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుస నుంచి ఫ్లాట్లు, కట్టిన తేదీ డి కాలమ్‌లో. తేదీ ఖాళీగా ఉంటే వరుసంతా ఎర్రబడాలి. రెండో వరుస నుంచి కిందిదాకా సెలెక్ట్ చేసి, ఫార్ములాలో మాత్రం డి1 ఖాళీ అయితే అని రాశాను. ఎరుపు చక్కగా వచ్చింది. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

పది నిమిషాల్లో 203 ఆవిడ ఫోను. "అన్నయ్యగారూ, నేను ఒకటో తారీఖునే కట్టేశాను కదండీ!"

నిజమే, కట్టారు. కట్టనిది 202. ప్రతి వరుసా తన గడి వదిలేసి పై వరుస గడి చూసి ఎర్రబడుతోంది! డి1ని డి2 చేస్తే కుదురుకుంది. డి ముందు డాలర్ గుర్తు ముందే పెట్టాను కాబట్టి వరుసంతా డి కాలమ్‌నే చూస్తోంది. అంకె ముందు కూడా పెట్టి ఉంటే అందరూ ఆ ఒక్క గడినే చూసేవాళ్లు. అది ఖాళీ అయితే 42 ఫ్లాట్లూ బాకీలే.

కంప్యూటర్ తప్పయి ఉంటుందిలెండి అన్నారు గ్రూపులో. నేను కాదనలేదు. ఆవిడకి ఫోన్లో క్షమాపణ చెప్పాను గానీ, గ్రూపులో చెప్పాల్సింది.

మీరూ ఇలాంటి షీటు చేస్తుంటే, ముందు మీ సొంత ఫ్లాటు తేదీ చెరిపి చూడండి. మీ వరుసే ఎర్రబడితే తేదీ మళ్లీ వేసి, అప్పుడు పెట్టండి గ్రూపులో.