ఆఫీసు నెట్‌వర్క్‌లో పాటల పెట్టె

చేతిలో ఇమిడే మ్యూజిక్ ప్లేయర్ నిజానికి ఒక చిన్న కంప్యూటర్. దానికి ప్రాసెసర్ ఉంటుంది, మెమొరీ ఉంటుంది. 2007లో వచ్చిన ఐపాడ్ టచ్ లాంటివాటికి వైఫై కూడా ఉంటుంది. ఇప్పటి ఖరీదైన ప్లేయర్లలో చాలావరకు ఆండ్రాయిడ్ మీదే నడుస్తాయి. అయినా ఆఫీసులో దాన్ని కంప్యూటర్‌గా లెక్కగట్టేవాళ్లు తక్కువ. ల్యాప్‌టాప్‌కూ ఫోనుకూ పేజీలకొద్దీ నియమాలు రాసిన సంస్థలు కూడా ప్లేయర్‌ను హెడ్‌ఫోన్‌తో పాటు జమకట్టి ఊరుకుంటాయి. ప్రమాదమంతా ఆ మరుపులోనే ఉంది.

ఆఫీసు వ్యవస్థలోకి అది అడుగుపెట్టే దారులు ముఖ్యంగా రెండు: యూఎస్‌బీ తీగ, వైఫై. తీగ పాత దారి. చార్జింగ్ కోసమని కంప్యూటర్‌కు తగిలించిన ప్లేయర్ ఆ కంప్యూటర్‌కు ఒక డిస్కులా కనిపించవచ్చు. అందులో పాటలే ఉండాలన్న నియమమేమీ లేదు. 2006లో జపాన్‌లో మెక్‌డొనాల్డ్స్ ఒక పోటీలో బహుమతులుగా ఇచ్చిన ఎంపీ3 ప్లేయర్లలో పాస్‌వర్డులు దొంగిలించే ట్రోజన్ బయటపడింది. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ కూడా ఒక సంగతి ప్రకటించింది: సెప్టెంబరు 12 తర్వాత అమ్మిన వీడియో ఐపాడ్‌లలో ఒక శాతం లోపు వాటిలో విండోస్ వైరస్ ఉంది. తయారీ దశలో వాడిన ఒక విండోస్ కంప్యూటర్ నుంచి అది వాటిలోకి పాకింది. అంటే కొన్నవాళ్లు ఏ తప్పూ చేయలేదు. పెట్టె విప్పేసరికే వైరస్ లోపల ఉంది.

అప్పట్లో విండోస్‌కు ఒక దురలవాటు ఉండేది. తగిలించిన డిస్కు ఏ ప్రోగ్రాంను సూచిస్తే దాన్ని తనంతట తానే నడపబోయేది. 2008 చివర్లో పుట్టిన కాన్‌ఫికర్ అనే కంప్యూటర్ పురుగు వ్యాపించడానికి వాడుకున్న దారుల్లో అదొకటి. 2009లో వచ్చిన విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ ఆ తలుపు మూసింది, పాత విండోస్‌లకు 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ పంపింది. అంతటితో సమస్య తీరలేదు. యూఎస్‌బీ పరికరం లోపలి ఫర్మ్‌వేర్‌నే మార్చేస్తే, డిస్కులా కనిపించేది కీబోర్డులా నటిస్తూ కంప్యూటర్‌కు ఆదేశాలు టైపు చేయగలదని 2014లో జర్మన్ పరిశోధకులు చేసి చూపించారు. యాంటీవైరస్ వెతికేది ఫైళ్లలో. ఈ మోసం ఉండేది ఫైళ్లలో కాదు.

లోపలికి వచ్చేది ఒక ఎత్తయితే, బయటికి పోయేది మరో ఎత్తు. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లో 5 జీబీ చోటు ఉండేది. ఇప్పుడు గోరంత మైక్రోఎస్‌డీ కార్డులో 1 టీబీ పడుతుంది. సంస్థ ఖాతాదారుల వివరాలన్నీ అందులో సర్దేసినా పాటలకు ఇంకా చోటు మిగులుతుంది. పాటల కోసం జేబులో పెట్టుకున్నదాన్ని గేటు దగ్గర ఎవరూ అనుమానించరు కూడా.

తీగ విషయంలో జాగ్రత్త ఒకటే, అది సులువైనదే: ప్లేయర్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు తగిలించకూడదు. పాటలు ఇంట్లో ఎక్కించుకోవాలి, చార్జింగ్ గోడ ప్లగ్గు నుంచి చేసుకోవాలి. మామూలు యూఎస్‌బీ కేబుల్లో కరెంటుకు రెండు తీగలు, డేటాకు రెండు తీగలు ఉంటాయి. డేటా తీగలు లేని, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కూడా బజారులో దొరుకుతాయి. బ్యాగులో అలాంటిది ఒకటి ఉంటే చాలు.

వైఫై సంగతి ఇంత సులువు కాదు. చాలా ఆఫీసుల్లో ఉద్యోగి వైఫైలోకి వెళ్లేది తన మెయిల్‌ను తెరిచే యూజర్‌నేమ్, పాస్‌వర్డులతోనే. వాటిని ప్లేయర్‌లో ఒకసారి నమోదు చేస్తే అక్కడే ఉండిపోతాయి. చాలామంది ప్లేయర్‌కు స్క్రీన్ లాక్ పెట్టరు. మెట్రోలో అది జారిపోతే పోయేది పాటలు మాత్రమే కాదు. పైగా పాత ఆండ్రాయిడ్‌లో సర్వర్ సర్టిఫికెట్‌ను సరిచూడకుండానే కనెక్ట్ అయ్యే వీలుంది. తొందరలో దాన్నే ఎంచుకుంటే, ఆఫీసు పేరుతో ఎవరో పెట్టిన దొంగ వైఫైకి కూడా ప్లేయర్ ఆ వివరాలు అప్పగించే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా లోతైన సమస్య అప్‌డేట్లు ఆగిపోవడం. ప్లేయర్ కొనేవాళ్లు ధ్వని నాణ్యత చూసి కొంటారు, పదేళ్లు వాడతారు. తయారీదారు మాత్రం రెండు మూడేళ్లకే దాని సాఫ్ట్‌వేర్‌ను వదిలేయవచ్చు. 2015 అక్టోబరులో ఆండ్రాయిడ్‌లో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ 2.0 లోపాల సంగతి చూస్తే, ప్రత్యేకంగా తయారుచేసిన ఒక ఎంపీ3 ఫైలు చాలు, పరికరాన్ని ఇతరుల చేతిలో పెట్టడానికి. అప్పటిదాకా వచ్చిన ఆండ్రాయిడ్ వెర్షన్లలో దాదాపు అన్నిటికీ అది వర్తించింది. 2017లో క్రాక్ అనే లోపం డబ్ల్యూపీఏ2 వైఫై రక్షణనే దెబ్బతీసింది. ఆండ్రాయిడ్ 6.0 దానికి మరీ తేలిగ్గా లొంగింది. ఈ లోపాలకు మందు అప్‌డేటే. అది అందని ప్లేయర్ పాటలకు ఎంత బాగున్నా నెట్‌వర్క్‌కు పనికిరాదు. ఐపాడ్ టచ్ తయారీని ఆపిల్ 2022 మేలో నిలిపేసింది, ఐఓఎస్ 16 దానికి రానేలేదు. అలాంటివాటిలో వైఫై ఆపేసి, లోపల దాచుకున్న పాటలు వినడమే సరైన పద్ధతి.

అప్‌డేట్లు అందుతున్న ప్లేయర్‌ను కూడా అతిథుల నెట్‌వర్క్‌కే కలపాలి. అది వీధి అరుగు లాంటిది. కూర్చోవచ్చు, లోపలి గదుల్లోకి దారి ఉండదు. ఆ నెట్‌వర్క్‌లోని పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా చేసే ఏర్పాటును సంస్థ ఆన్ చేసి ఉంచాలి. ప్లేయర్‌లోనూ కొన్ని తలుపులు మూయాలి. వైఫై మీదుగా ఫైళ్లు పంపే సౌకర్యం కొన్ని ప్లేయర్లలో పాస్‌వర్డ్ అడగదు. పాటలను ఇతర పరికరాలతో పంచుకునే డీఎల్‌ఎన్‌ఏ, యూఎస్‌బీ డీబగ్గింగ్, తెలియని చోటి యాప్‌లకు అనుమతి కూడా ఆపేయాల్సినవే. బ్లూటూత్ అవసరమైనప్పుడే పెట్టుకుంటే సరిపోతుంది.

సంస్థల్లో కొన్ని మొత్తం నిషేధించేస్తాయి. బ్యాంకు ఖాతాల వివరాలు చూసే బీపీఓల్లో ఫోన్లూ ప్లేయర్లూ లాకర్లో పెట్టించడం న్యాయమే. మిగతాచోట్ల నిషేధం వల్ల కలిగేది మేలుకన్నా చేటే. పాట తోడుగా పని చేసుకునే మనిషి దాన్ని మానుకోడు, దాచిపెట్టి వాడతాడు. అప్పుడు ఏ పరికరం ఎక్కడ కలిసిందో ఐటీ విభాగానికి తెలిసే వీలుండదు. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. దాచిన పరికరం నుంచి మొదలైన గొడవను 6 గంటల్లో ఆరా తీయడం కష్టం.

కాబట్టి ప్లేయర్ తెచ్చుకునే ఉద్యోగి ఆ సంగతి ఐటీ విభాగానికి ముందే చెప్పాలి, అడిగినవాడిని ఐటీ విభాగం కసురుకోకుండా అతిథుల నెట్‌వర్క్‌లో చోటు చూపాలి.