వరుస కట్టే నేర్పు

జహీరాబాద్ పరిసరాల భజన మేళాల్లో పాటకు వరుస కట్టి, గొంతులకూ వాద్యాలకూ పని పంచే హార్మోనియం వాద్యకారుని నేర్పు శ్రోతల దృష్టికి అంతగా రాదు. శ్రుతి, అనగా పాటకు ఆధారమైన షడ్జపు ఎత్తు, హార్మోనియం మెట్ల లెక్కన మగవారికి సామాన్యంగా ఒకటి, రెండు దగ్గర, ఆడవారికి ఐదు, ఐదున్నర దగ్గర అనువుగా ఉంటుంది కనుక, ఇంటిల్లిపాదీ కలిసి పాడవలసిన చోట అతడు నడిమి శ్రుతిని ఎంచి, వరుసను ఒక్క స్థాయి దాటనీయడు. చరణం నడిచేటప్పుడు తాళాలను ఆపి, కహర్వా అనే ఎనిమిది మాత్రల నడకను డోలక్‌కే అప్పగిస్తాడు. పాడేవారు ఊపిరి తీసుకొనే సందులో రెండు మూడు స్వరాలు నింపుతాడు, అవి వినేవారికి అలంకారమైతే పాడేవారికి ఆసరా. సమీపంలోని మాచనూరులో 2008లో మొదలైన సంగం రేడియో ఊరి గొంతులను ప్రసారం చేయడం మంచి పనే కాని, ఆ గొంతులను ఒద్దికగా కూర్చే చేతికి ఇంకా తగిన పేరు రాలేదు. స్వరలిపి లేకుండా సాగినా ఈ వరుస కట్టడం అచ్చమైన స్వరరచనే.