బిగించడం కాదు, వదలడం

కటి కండరాల వ్యాయామం అంటే ‘బిగించి పట్టండి, లెక్కపెట్టి వదలండి’ అన్నదే చాలామందికి తెలుసు. కాన్పు తర్వాత మూత్రం ఆగని స్త్రీల కోసం అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో చెప్పిన పద్ధతి అది. వాళ్లకు మేలే చేస్తుంది. కర్నూలు, కడప పల్లెల నుంచి ఫిజియోథెరపీకి నా దగ్గరికొచ్చే కొందరు ఆడవాళ్లకు మాత్రం నేను ముందు నేర్పేది వదలడం.

ఈ కండరాలు ముందున్న కటి ఎముక నుంచి వెనక తోకెముక దాకా ఊయలలా పరుచుకుని మూత్రాశయాన్ని, గర్భసంచిని మోస్తాయి. భయం వేస్తే బిగుసుకుంటాయి. 2001లో నెదర్లాండ్స్ పరిశోధకులు స్త్రీలకు బెదిరింపు దృశ్యాలు చూపిస్తే, కటి కండరాలూ భుజాల కండరాలూ రెండూ బిగిశాయి. తెర మీది బొమ్మకే అలాగైతే, ఏళ్ల తరబడి దెబ్బలో బలవంతమో పడ్డ ఒళ్లు ఆ బిగువును ఎట్లా వదులుతుంది?

అలా బిగిసిపోయాక పొత్తికడుపు నొప్పి, మలబద్ధకం, భర్త దగ్గరికొస్తే మంట. పదేపదే మూత్రానికి పోవాలనిపిస్తుంది, పరీక్షలో ఇన్‌ఫెక్షన్ కనబడదు. చివరికి నెపం గర్భసంచి మీదికొస్తుంది. గర్భసంచి తీసే ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందువరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. “తీసేసినారు మేడమ్, నొప్పి మాత్రం పోలేదు” అన్న మాట వింటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

బిగువుకు కారణం ప్రతిసారీ హింసే కాదు. కష్టమైన కాన్పు కావచ్చు, చాటు లేని చేలల్లో పొద్దంతా మూత్రం ఆపుకోవడం కావచ్చు. అందుకే ఏం జరిగిందో చెప్పమని ఎవరినీ గుచ్చి అడగను. కానీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు భర్త చేతిలో హింస చూసినవాళ్లే. ఆ సంగతి మరిచి ఎవరి మీదా చెయ్యి వెయ్యలేను.

పరీక్ష పేరుతో మళ్లీ గాయం చేయొద్దనే సుప్రీంకోర్టు 2022లో అత్యాచార కేసుల్లో ‘రెండు వేళ్ల పరీక్ష’ను గట్టిగా తప్పుబట్టింది. నా గదిలోనూ లోపలి పరీక్ష ఆమె ఒప్పుకుంటేనే. వద్దంటే అసలు ఉండదు. మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, పొట్ట మీద ఆమె చెయ్యే పెట్టించి, ఊపిరి నిదానంగా పీల్చమంటాను. పీల్చినప్పుడు పొట్ట పైనున్న విభాజక కండరం కిందికి దిగుతుంది, దాంతోపాటు కటి కండరాలూ సాగుతాయి. కొందరికి మొదటి వారాలన్నీ ఇంతే. ఇక్కడ ‘బిగించండి’ అంటే నొప్పి పెరగొచ్చు.

గర్భసంచి తీయాలని రాసే ముందు ఈ కండరాలనూ ఒకసారి చూడమని మన రెండు జిల్లాల డాక్టర్లను అడుగుతున్నాను. ఇంట్లో ఇంకా దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు నా వ్యాయామం ఒక్కటే చాలదు. వాళ్ల కోసం మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఉంది, దానికి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.