తుల్పా, స్వప్నము, కాపరి వివేచన

విశాఖపట్నమునకు సమీపమున శంకరములోని బొజ్జన్నకొండపై వజ్రయాన బౌద్ధము ఆనవాళ్లు కూడ కలవు. టిబెట్టులో వర్ధిల్లిన ఆ శాఖలో, ఇతరుల మేలుకై బుద్ధుడు దాల్చు రూపమును 'ట్రుల్‌పా' అందురు. నేడు పలు భాషలవారు 'తుల్పా' అని సాధన చేయునది వేరు. అది ఏకాగ్రతతో మనస్సులో కల్పించుకొను తోడు.

ఈ భావమునకు ప్రచారము తెచ్చినది 1929లో వెలువడిన అలెగ్జాండ్రా డేవిడ్‌నీల్ గ్రంథము. తాను కల్పించిన సన్యాసి అదుపు తప్పెననియు, వానిని తొలగించుటకు ఆరు నెలలు పట్టెననియు ఆమె వ్రాసెను. దీనిని ప్రాచీన టిబెట్టు బోధగా ఎంచుట పొరపాటని మా అభిప్రాయము. అనీబిసెంటు, లెడ్‌బీటరుల దివ్యజ్ఞాన సమాజ భావములు ఇందులో కలిసినవని 2015లో మైకిల్స్, లేకాక్ అను పండితులు చూపిరి.

స్వప్న విషయమును అట్టిదే. నారోపా పేరిట వచ్చిన స్వప్నయోగము కల మాయయని గ్రహింపజేయును. నేటి సాధకులలో కొందరు కలలో మెలకువ తెచ్చుకొని, కల్పిత స్నేహితుని కలిసికొనగోరుదురు.

ఉక్కునగరములో ఒంటరి యువకుడొకడు ఈ సంగతి కాపరితో చెప్పినయెడల ఏమి చేయవలెను? వెంటనే దయ్యమనుట తొందరపాటు. దర్శనమనుట అంతకంటె అపాయము. స్వంత హృదయమునుండి పుట్టిన దర్శనమును యిర్మీయా 23వ అధ్యాయము ఖండించుచున్నది. నిద్ర చెడినను, స్వరము ఆజ్ఞాపించుచున్నను వైద్యునియొద్దకు తోడ్కొని పోవలెను. అయితే అతడు తోడును కల్పించుకొనువరకు సంఘము ఎక్కడ ఉన్నదని మొదట మనలను మనమే ప్రశ్నించుకొనవలెను.