పోటు చూచి గాలము

సియాటిల్‌లో నున్న మా మేనల్లుడు సాల్మన్ చేపకై నదికి పోవుటకు వేసికొన్న ప్రణాళికను ఈ వారము నాకు పంపినాడు. లైసెన్సు, పట్టి యుంచుకొన్న ప్రతి సాల్మన్‌ను, స్టీల్‌హెడ్‌ను అప్పటికప్పుడు నమోదు చేయవలసిన కార్డు, నదిలో సెకనుకెన్ని ఘనపుటడుగుల నీరు పారుచున్నదో తెలుపు కొలత, ఏ పాయను ఏ తేదీన తెరతురో ఏ తేదీన మూయుదురో చెప్పు నిబంధన, ఇన్నియు వ్రాసికొని, చిట్టచివర గాలపుకర్ర మాట తలపెట్టినాడు. నాకు చిరాకు కలిగినది. గాలము వేయుట తీరిక గలవాని పని యనియు, తీరికకు కాలపట్టిక వేయువాడు నిద్రకు హాజరుపట్టీ వేయగలడనియు ఈ శీర్షికలో నేను పలుమారు వాదించిన సంగతి పాఠకులెరుగుదురు.

మనకు సాల్మన్ లేదు. అది నదిలో పుట్టి, సముద్రమున పెరిగి, పుట్టిన యేటికే ఎదురెక్కి గ్రుడ్లు పెట్టును; పసిఫిక్ జాతులు ఆ పని తీరగానే మరణించును, దాయాది యగు స్టీల్‌హెడ్ మాత్రము బ్రతికి బట్టకట్టి మరల సముద్రము చేరుటయు కలదు. మనవైపు ఆ యెదురీత గోదావరి పులసది. మా శ్రీకాకుళపు ఏటిమొగల పండుగప్ప నడక తలక్రిందులు: చిన్ననాడు తీయని నీట పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు ఉప్పునీటికి దిగును.

వంశధార సముద్రమున గలియు కళింగపట్నమునకు కళాశాల దినములలో నేను గాలముతో పోవుచుంటిని. (గిడుగువారు పుట్టిన పర్వతాలపేట ఈ యేటిగట్టుననే యున్నది, ఆ గట్టు కథను గ్రాంథికమున వ్రాయుట అపచారమనెడి మిత్రులకు మరియొక వారము బదులు చెప్పెదను.) అక్కడ వల బాగుచేసికొనుచు కూర్చుండిన పల్లెవృద్ధుడొకడు నా వెదురుగెడను, బెండును, ఎర్రల డబ్బాను క్రీగంట చూచి, “ఏటి బాబూ, ఈ రోజొచ్చీసినావు? కొండల్లోన వాన పడి ఏరు ఎర్రగుంది. సేపకి ఎర కానరాదు. జెల్లయితే వాసనకొస్తాది గానీ పండుగప్ప రాదు. నీరు తేరనీ, అష్టమెల్లనీ, పున్నానికి రా” అనెను. పున్నమికి, అమావాస్యకు పోటు నిండుగా వచ్చి రొయ్యలను, కత్తిపరిగెలను మొగలోనికి తోయుననియు, వాని వెంట పండుగప్ప వచ్చుననియు, అష్టమి పోటు నీరసమనియు, నేటి పోటుకంటె రేపటిది ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యమగుననియు, పంచాంగము విప్పకయే వ్రేళ్లపై లెక్కగట్టి వివరించెను. అటుపిమ్మట నా గాలమును తీసికొని, మొనను తన బొటనవ్రేలి గోటిపై ఆనించి లాగెను, అది జారిపోయినది. గోట నాటుకొని నిలిచిన మొనయే చేపదవడలో నిలుచునట. రాతిపై నూరి, మరల గోటిపై పరీక్షించి, దారపు ముడిని ఉమ్మితో తడిపి మరీ బిగించెను. పొడిగా లాగిన ముడి రాపిడికి చెడునని చెప్పెను.

ఇది ప్రణాళిక కాక మరేమి? తీరికవాడు రిక్తహస్తములతో తిరిగిపోయినను ఇంట అన్నముండును; ఏటిమీద బ్రతుకువాడు లెక్క తప్పిన పూట పస్తుండును. మేనల్లుని పట్టికయందు వృద్ధుని లెక్కలో లేనిదొకటి యున్నది. తోకకు ముందు వెన్నుపై నుండు చిన్న కొవ్వురెక్కను కత్తిరించి హేచరీ పిల్లలను విడుతురు; ఆ రెక్క నిండుగా నున్న స్టీల్‌హెడ్ ఏటిలో పుట్టినది గనుక సాధారణముగా తిరిగి నీట విడువవలయును.

ఎదురీదు చేపకు అడ్డగు ఆనకట్టల మీద నా చాదస్తము తెలిసినదే. కొలంబియా నదిపై 1938 నాటి బానవిల్ ఆనకట్టకు చేపల మెట్లు కట్టి, గాజు కిటికీ వద్ద కూర్చుండి ఎక్కుచున్న చేపలను లెక్కింతురు. 1852లో ముగిసిన కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్ట పులసకు అడ్డు నిలిచినది. అది లేనిచో డెల్టాకు అన్నము లేదు గనుక ఈ తగవున నేనెన్నడును గెలువలేదు. కట్టుబాట్లందురా, సముద్రమున మనకును ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవలకు 61 దినముల నిషేధము కలదు. ఏటిగట్టు తీరికరాయుళ్లు మాత్రము ఎన్ని పట్టితిమో చెప్పరు, చెప్పినను రెండింతలు చేసి చెప్పుదురు. వారికి కార్డు పెట్టినచో మొదటిది నేను కొందును. జెల్లకున్న కొవ్వురెక్క పండుగప్పకు లేదు గనుక, దానికి గుర్తెక్కడ పెట్టవలెనో మత్స్యశాఖవారే తేల్చుకొనవలెను.