కత్తెర చెప్పిన కథలు: లోటె రైనిగర్ నీడబొమ్మల యానిమేషన్

కళ్లు, కనుబొమలు, పెదవులు లేని ఒక నల్లని ఆకారపు అంచుతోనే ప్రేమను, భయాన్ని, మోసాన్ని తెరమీద పలికించే కళ సిల్హౌట్ యానిమేషన్. వెలుతురుకు అడ్డంగా ఉన్న వస్తువు వివరాలు కోల్పోయి నల్లగా కనబడే రూపాన్ని సిల్హౌట్ అంటారు. అటువంటి రూపాలను ఫ్రేము ఫ్రేముకు కొద్దికొద్దిగా జరుపుతూ చిత్రీకరిస్తే, ప్రదర్శనలో అవి ప్రాణమున్నవాటిలా కదులుతాయి. ఈ పద్ధతిని సంపూర్ణమైన కథనకళగా నిలిపిన ఘనత 1899లో బెర్లిన్‌లో జన్మించిన లోటె రైనిగర్‌ది. 1926లో ప్రదర్శితమైన ఆమె ‘రాకుమారుడు అహ్మద్ సాహసాలు’ నేడు లభిస్తున్న పూర్తినిడివి యానిమేషన్ చిత్రాలన్నింటిలోకీ పాతది; డిస్నీ ‘స్నోవైట్’ దానికి పదకొండేళ్ల తరువాత వచ్చింది.

రైనిగర్ కత్తెరను కుడిచేతిలో దాదాపు కదలకుండా పట్టుకొని, ఎడమచేతిలోని కాగితాన్ని తిప్పుతూ దానికి అందించేది. అందువల్లనే ఆమె బొమ్మలలో అతి సన్నని వేలికొస, తలపాగా కుచ్చు కూడా మెత్తని వంపుతో తీరుతాయి. నల్ల అట్టతోను, పలుచని సీసపు రేకుతోను కత్తిరించిన తల, మెడ, భుజం, మోచేయి, మణికట్టు వంటి భాగాలను సన్నని తీగతో కీళ్లుగా కలుపుతారు. సీసపు బరువు వల్ల బొమ్మ చదునుగా పడుకొని, జరిపినచోటనే నిలుస్తుంది. దానిని అద్దపు బల్లమీద పరచి, కిందినుంచి దీపకాంతి ప్రసరింపజేసి, పైన బల్లవైపు గురిపెట్టి బిగించిన కెమెరాతో ఒక ఫ్రేము తీసి, మళ్లీ కొంచెం జరిపి మరొకటి తీస్తారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్క నిమిషపు కథకు 1,440 ఫ్రేములు కావాలి. చెట్లు, కొండలు, మేడలు పలుచని కాగితపు పొరలతో ఏర్పడతాయి: పొరలు పెరిగినచోట చీకటి చిక్కబడి దగ్గరితనాన్ని, తగ్గినచోట వెలుతురు మిగిలి దూరాన్ని సూచిస్తాయి.

బ్యాంకరు లూయీ హాగెన్ ఆర్థికసాయంతో, పాట్స్‌డామ్‌లోని ఆయన గ్యారేజీ పైగదిలో, 1923 నుంచి 1926 వరకు ‘అహ్మద్’ నిర్మాణం సాగింది. రైనిగర్ భర్త కార్ల్ కోఖ్ కెమెరా బాధ్యత వహించగా, వాల్టర్ రూట్‌మన్, బెర్టోల్డ్ బార్టోష్ మాయా దృశ్యాలకు, అలలకు, ఆకాశానికి రూపకల్పన చేశారు. అరేబియన్ నైట్స్ కథలనుంచి అల్లిన ఈ చిత్రంలో మాంత్రికుడూ మంత్రగత్తే తలపడే ఘట్టం ఈ కళ సారాన్ని తెలుపుతుంది. సింహం, పాము, తేలు, కోడిపుంజు రూపాలు ఒకదానిలోనుంచి ఒకటి పుట్టుకొస్తూ పోరాడుతుంటే ప్రేక్షకుడికి సందేహమే కలగదు, ఎందుకంటే నీడల లోకంలో మనిషి, మృగం, చెట్టు అన్నీ ఒకే నల్లని పదార్థంతో ఏర్పడినవి. రంగులతో, చర్మంతో, వెంట్రుకలతో గీసిన మనిషిని మృగంగా మార్చాలంటే చిత్రకారుడు ఆ మార్పును నమ్మించాలి. నీడబొమ్మకు అంచు మారితే చాలు. అద్భుతకథకు ఇంతకంటే సహజమైన వాహకం దొరకడం కష్టం: ఆ కథలలోని రాకుమార్తెకు, సవతితల్లికి కథకుడు ముఖవర్ణన అంతగా చేయడు, విన్నవారే ఎవరికి తోచిన ముఖాన్ని వారు ఊహించుకుంటారు.

ఇక్కడ తెలుగువారికి తోలుబొమ్మలాట స్ఫురించడం సహజమే. అయితే మన తోలుబొమ్మ కాంతిని తనగుండా పోనిచ్చే పలుచని తోలుతో చేసినది గనుక దాని రంగులు కూడా తెరమీద వెలుగుతాయి, ఆటగాడు పాటతో, మాటతో ప్రేక్షకుల సమక్షంలోనే దానిని ఆడిస్తాడు. రైనిగర్ బొమ్మ కాంతిని పూర్తిగా ఆపుతుంది; ‘అహ్మద్’లోని నీలం, పసుపు వర్ణాలు ఫిల్ముకు అద్దినవి. పాత్రను ఎక్కువగా పక్కనుంచి చూపడం, కీళ్ల కదలికతోనే స్వభావాన్ని పలికించడం మాత్రం రెండింటికీ ఉమ్మడి విద్య.

1930లలో జర్మనీ విడిచిన రైనిగర్ 1949లో లండన్‌లో స్థిరపడి, 1953–55 మధ్య హాన్సెల్ గ్రెటెల్, థంబెలీనా వంటి కథలను టెలివిజన్ కోసం లఘుచిత్రాలుగా తీసింది. వాటిలో ‘ధైర్యశాలి దర్జీ’ 1955లో వెనిస్ ఉత్సవంలో బహుమతి పొందింది. ఈ చిత్రాలలో వ్యాఖ్యాత స్వరం బొమ్మ చేతులు అప్పటికే చెప్పినదాన్ని తరచు మళ్లీ చెబుతుంది. అందువల్ల మోజార్ట్ సంగీతాన్ని ఆధారం చేసుకొని 1935లో తీసిన ‘పాపగేనో’లో ఆమె ప్రతిభ మరింత స్వచ్ఛంగా కనబడుతుంది. ‘అహ్మద్’ మూల నెగెటివ్ యుద్ధంలో నశించినా, బ్రిటన్‌లో భద్రమైన ప్రతి ఆధారంగా రంగులతో సహా దానిని పునరుద్ధరించారు. ఫ్రెంచ్ దర్శకుడు మిషెల్ ఓస్లో 2000లో విడుదల చేసిన ‘రాకుమారులు, రాకుమార్తెలు’ చిత్రంలో కూడా కథలన్నీ నల్లని నీడబొమ్మలే నడుపుతాయి.