‘నోటా’: ఓటరు లేని రాజకీయ చిత్రం

ఆనంద్ శంకర్ దర్శకత్వంలో 2018లో తెలుగు, తమిళ భాషల్లో వెలువడిన ‘నోటా’ చిత్రంలో విజయ్ దేవరకొండ, నాజర్, సత్యరాజ్ వంటి సమర్థులైన నటులున్నారు. అయినా చిత్రం నిరాశపరచింది. అందుకు మూలం కథలోనే ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఓటరుకు దక్కిన తిరస్కార హక్కు పేరే ఈ చిత్రానికి శీర్షిక. కథలో మాత్రం అవినీతి కేసులో చిక్కుకున్న ముఖ్యమంత్రి తన కుమారుణ్ణి ఆ పీఠంపై కూర్చోబెడతాడు. వారసత్వాధికారాన్ని ప్రశ్నించవలసిన ఇతివృత్తం, వారసుడు సమర్థుడైతే చాలునన్న పరిష్కారంతో తృప్తిపడింది. వరదలు, రిసార్టు రాజకీయాలు వంటి తమిళనాడు సమకాలీన ఘటనల ఛాయలు సైతం నాయకుడి సామర్థ్య నిరూపణకే ఉపకరించాయి. ప్రజలు బాధితులుగా కనిపిస్తారే తప్ప నిర్ణేతలుగా కనిపించరు. తిరస్కరించే ఓటరుకే చోటు లేని కథకు ఆ శీర్షిక అలంకారప్రాయమే.